ఏడో దెబ్బ

లప్నిసన్, నేగ్రోస్ దీవి
2012 ఏప్రిల్ 9, సోమవారం

మనాంగ్ నెల్దాకి,

అక్కవి, వయసులో పెద్దదానివి, ముందుగా నీకు నా నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమని రేడియోలో విన్నాను.

ఇలా మొదలుపెట్టినందుకు నవ్వుకుంటావో, ఉత్తరాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెడతావో తెలియదు. నీకూ నాకూ మధ్య ఓడలో గంట ప్రయాణం. ఆ గంటకి నాకు పాతికేళ్ళు పట్టింది. అదీ ఇంకా కాగితం మీదే ఉన్నాను.

ఈస్టర్ ముందు బుధవారం పొద్దున కాలేజీకి వెళ్ళడానికి జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటున్నాను. రేడియోలో వార్తలాయన ఇలోయిలో కబుర్లు చెబుతూ, లా పాస్ బజారులో బచోయ్ సూపు అమ్మే ఒకావిడ సంగతి ఎత్తుకున్నాడు. ఎవడో తాగి, చేపలు కోసే కత్తి పట్టుకుని పక్క దుకాణం పిల్ల మీదికి వచ్చాడట. ఆవిడ పొడుగు గరిటెతో వాడి మణికట్టు మీద ఒక్కటే ఒక్కటి ఇచ్చిందట. కత్తి వెళ్ళి ఉల్లికాడల బుట్టలో పడిందట. "కూచోరా, చెయ్యి వాచిపోద్ది, ఐసు పెట్టుకో" అందట ఆవిడ. వార్తలాయన నవ్వి, "సోదరులారా, లా పాస్ వెళితే సూపు చప్పగా ఉందని మాత్రం అనకండి" అన్నాడు.

పేరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. "అదీ ఎడమ చేత్తో" అన్నాడు. ఇస్త్రీపెట్టె అలాగే ఉంచేశాను. జాకెట్టు కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడింది.

ఆ రోజు క్లాసులో నీ సంగతి చెప్పాను. మూడేళ్ళ క్రితం ప్రభుత్వం మన కర్రసామును జాతీయ క్రీడ అని చట్టం చేసింది కదా, అప్పట్నుంచి బకోలోద్‌లో మా కాలేజీవాళ్ళు చరిత్రతోపాటు అది కూడా నన్నే చెప్పమన్నారు. వ్యాయామశాలలో వందమంది ప్లాస్టిక్ కర్రలతో పన్నెండు దెబ్బలూ వరసపెట్టి కొడుతుంటే చూడటానికి బాగానే ఉంటుంది. ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, జీప్నీ బండిలో పక్కన కూచుని ఫోన్ లాక్కునేవాడు మనం పన్నెండు అయ్యేదాకా ఆగుతాడా?" అందరూ పకపకా నవ్వారు. నేను నీ గరిటె దెబ్బ చెప్పాను. ఆవిడ మనిషిని కొట్టలేదు, కత్తి పట్టుకున్న చేతిని కొట్టింది. మనకున్న విద్యంతా అంతే, తక్కిన పదకొండు దెబ్బలూ ఆ ఒక్కటి సమయానికి రావడానికే అన్నాను.

"ఆవిడకెవరు నేర్పారు మేడమ్?" అందా పిల్ల.

"వాళ్ళ నాన్న."

"మీకు?"

"వాళ్ళ నాన్నే."

"అయితే మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళ కింద లెక్కన్నమాట!"

గంట కొట్టారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో గంటకి అంత రుణపడింది ఆ రోజే.

ఇక అసలు పని. దాచి చెప్పడం నాకు చేతకాదు అని రాయబోయి ఆగిపోయాను. చేతకాదని ఎలా రాయను? సరే, పని ఇది. మే పదిహేనున సాన్ ఇసిద్రో పండుగకి ఊరి చావడి పక్కనున్న ఆటస్థలానికి మీ నాన్నగారి పేరు పెడుతున్నారు. గోడకి రాతిపలక. దాని మీద మన విద్య చరిత్ర నాలుగు వాక్యాలు, కింద గురుపరంపర: తెలెస్ఫోరో గుంబన్, ఆయన కొడుకు సిల్వెరియో గుంబన్, ఆయన తర్వాత నేను. మీ నాన్నగారి రక్తంలో మిగిలినదానివి నువ్వొక్కదానివే కాబట్టి, మూడో పేరు విషయంలో నీకు అభ్యంతరం లేదని సంతకం కావాలట. ఆ కాగితం దీంతో జతచేశాను. ఈ నెలాఖరులోపు వాళ్ళకి అందాలి. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాను.

ఈ పని చూస్తున్నది కౌన్సిలర్ దియోస్కొరో. నీకు గుర్తుండే ఉంటాడు, బళ్ళో నాకు రెండేళ్ళు వెనక, ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది. ఇప్పుడు ముక్కు బాగానే ఉంది, గొంతే పెద్దదైంది. పలక మీద "ఐదువందల ఏళ్ళ విద్య" అని చెక్కిద్దామంటాడు. నాకు అన్నేళ్ళకి ఆధారం దొరకలేదన్నాను. "అయ్యో మేడమ్, ఐదొందలంటే ఏమవుద్ది? ఎవడన్నా వచ్చి లెక్కపెడతాడా ఏంటి?" అన్నాడు. లెక్కపెట్టేవాళ్ళు ఉంటారని చెప్పాను. "చదువుకున్నోళ్ళతో ఇదే చిక్కు. ఉన్నదాన్ని కూడా లేదంటారు" అని గొణుక్కున్నాడు.

నిజానికి రెండు వేసవి సెలవులు పాత కాగితాల్లోనే గడిపాను, మనాంగ్. చర్చి పుస్తకాలు, చెరకుతోటల పుస్తకాలు. దొరికింది ఏమిటో తెలుసా? ఒక పాదరీ ఫిర్యాదు. కోడిపందేల దగ్గర ఇద్దరు కూలీలు కర్రలతో కొట్టుకున్నారనీ, ఆదివారం పూజకి రాలేదనీ. వాళ్ళ పేర్లు కూడా రాయలేదు ఆ మహానుభావుడు. మన కర్రసాముని ఎస్క్రిమా అంటాం కదా, ఆ మాట స్పెయిన్‌వాళ్ళది. కర్రలు మనవి, పేరు వాళ్ళది. వాళ్ళు నిషేధిస్తే మనవాళ్ళు నాటకాల్లో పెట్టి దాచుకున్నారని అంటారు. అందమైన మాటే. కాని రుజువు నా కంట పడలేదు. చెరకు నరికేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు తమ సంగతులు రాసుకోలేదు. రాసుకోనివాళ్ళ చరిత్రని రాయడం వచ్చినవాళ్ళు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. అది నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

పోయిన ఏడాది నోంగ్ బెర్యోనే అడిగాను. మీ నాన్నగారిని అప్పటికీ అందరం అన్నని పిలిచినట్టు నోంగ్ బెర్యో అనే పిలిచేవాళ్ళం, ఎనభై దాటినా సరే. ఈ విద్య మీకెవరిచ్చారు అంటే "మా నాన్న" అన్నాడు. ఆయనకి? "ఆయన మేనమామ." ఆ మేనమామకి? నోట్లో పొగచుట్ట ఇటు నుంచి అటు మార్చి, "దున్నపోతుల దొంగ ఒకడుండేవాడంట. జైల్లో పక్కపక్కన కట్టేసి ఉంచారంట ఇద్దర్నీ. అట్టా వచ్చింది" అన్నాడు. కాసేపాగి, "అది రాయమాకు" అన్నాడు. ఇంకాసేపాగి, "కాదులే, రాయి. దొంగ దగ్గర్నుంచి వచ్చిందని తెలిస్తే జనం కొంచెం జాగ్రత్తగా ఉంటారు" అన్నాడు.

దియోస్కొరో దాన్ని పలక మీద పెట్టనన్నాడు. నేనూ ఎక్కువ పట్టుబట్టలేదు.

ఈ ఉత్తరం రాస్తుంటే మీ పెరడు కళ్ళముందుకొస్తోంది. నాకు పది, నీకు పన్నెండు. మా నాన్న తోట ఆఫీసులో గుమాస్తా, మీ నాన్న ఆ తోటలో చెరకు కొట్టే కూలీ. నేను మీ పెరట్లోకి రావడం మా అమ్మకి బొత్తిగా ఇష్టం ఉండేది కాదు. మొదటి నెలంతా ఆయన కర్ర ముట్టుకోనివ్వలేదు, గుర్తుందా? కోసేసిన చెరకు చాళ్ళలో, వెనక్కి చూడకుండా, వెనక్కి నడవడం నేర్పించాడు. "కత్తి పట్టుకున్నోడు ఎదురుగా ఉంటే నీ మొదటి ఆయుధం నీ మడమ. పడిపోయావంటే మిగతా విద్యంతా ఎందుకు?" అనేవాడు. మోడులు గుచ్చుకుని నా కాళ్ళు రక్తాలు కారేవి. నువ్వు నీ చెప్పులు నాకిచ్చి ఉత్తి కాళ్ళతో నడిచావు. "గుమాస్తా కూతురి పాదాలు, జాగ్రత్తగా చూడండర్రా, వెన్నతో చేశారు" అని ఎగతాళి చేస్తూనే ఇచ్చావు.

తర్వాత పన్నెండు దెబ్బలు. ఒకరు కొట్టేవాళ్ళు, ఒకరు కాచేవాళ్ళు. ఒకటి నుంచి పన్నెండు, మళ్ళీ ఒకటి. ఆయన తిరగేసిన రోలు మీద కూచుని, కళ్ళు మూసుకుని చుట్ట కాల్చుకుంటూ వినేవాడు. చూడటం ఆయన లెక్కలో మోసం. కళ్ళని ఎవరైనా మాయచేయొచ్చు, కర్ర మీద కర్ర పడిన చప్పుడు అబద్ధమాడదు అనేవాడు. "నాలుగు మెత్తబడింది. ఎవరిదది? దెల్ఫా పిల్లదా? అన్నం తినలేదా?" అని అరిచేవాడు. నువ్వు వెంటనే, "ఎక్కువ తిని మెత్తబడింది నాన్నా" అనేదానివి.

ఇంకొకటి కూడా గుర్తుండే ఉంటుంది. అది మన పెరటి ఆచారం, నేను వేరే ఎక్కడా చూడలేదు. ఎదుటివాళ్ళ చేతిలో కర్ర పడగొడితే, పడగొట్టినవాళ్ళే వంగి దాన్ని తీయాలి. పిడి అవతలివాళ్ళ వైపు పెట్టి చేతికివ్వాలి. ఇస్తూ, కొట్టింది ఎన్నో దెబ్బో పైకి చెప్పాలి. చెప్పకుండా ఇస్తే ఆ దెబ్బ దొంగిలించినట్టే అనేవాడు. వంగకపోతే ఇంకా ఘోరం. కింద పడ్డ కర్రని ఓడినవాళ్ళు తమంత తాము తీసుకోకూడదు కదా.

ఇక ఆ పండుగ రోజు. 1987. పాతికేళ్ళుగా మనం దాని గురించి మాట్లాడుకోలేదు. నువ్వు మాట్లాడాలనుకుని ఉండవు. నేను మాట్లాడలేకపోయాను. చర్చి ముందు వెదురు వేదిక, జనం, బాకాల వాళ్ళు. ఆట అయ్యాక ఆయన తన బాహి కర్ర, ఆ నల్లటి తాటిచేవ కర్ర, నీకు అందరి ముందూ అప్పగించాలి. అందుకే ఆ రోజు కాచే వంతు నీది, చేతిలో ఆ కర్రే. దాని పిడి దగ్గర పళ్ళగాటు ఉంటుంది చూడు, దున్నపోతుల దొంగ దాన్ని నోట కరుచుకుని ఏరు ఈదాడనేవాడు.

మూడు చుట్లు బాగానే నడిచాయి. నాలుగో చుట్టుకి వేగం పెంచాం. అప్పుడే బాకాలవాళ్ళు మొదలుపెట్టారు. ఏడో దెబ్బ ఎడమ కణత మీదికి వస్తుంది. దాన్ని కాయడానికి కర్ర నిలువుగా ఎత్తి మణికట్టు ముందుకి తేవాలి. ఎనిమిదో దెబ్బ కింద నుంచి సరిగ్గా ఆ చోటికే వస్తుంది. కాని అప్పటికి చెయ్యి అక్కడుండదు కాబట్టి గాలిని కోసుకుంటూ పోతుంది. చప్పుడు చెయ్యని దెబ్బ అదొక్కటే. ఆ రోజు నీ కుడి చెయ్యి అక్కడే ఉంది. ఎముక విరిగిన చప్పుడు బాకాలు ఊదుతున్నా వినిపించింది. నల్లకర్ర పలకల మీద దొర్లింది.

మీ నాన్న వేదికెక్కి, ముందు నీ చెయ్యి చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "ఎన్నోది?" అన్నాడు. ఎనిమిదోది నోంగ్ అన్నాను. "ఏడు అయిందా?" అన్నాడు. అయిందన్నాను. నువ్వు నొప్పితో పళ్ళు బిగబట్టి నన్నే చూస్తున్నావు. నీ మొహంలో ఒక్క క్షణం ప్రశ్న కనిపించింది. ఆ తర్వాత నువ్వే అన్నావు: "దెల్ఫా చెప్పిందంటే అయ్యే ఉంటది నాన్నా. బాకాల గోలలో నేనే లెక్క తప్పా."

ఎందరో పరిగెత్తుకొచ్చారు. ఆ తొక్కిసలాటలో నేను వంగి కర్ర తీయలేదు. తీసే వీలు దొరకలేదు అనుకుంటాను. చివరికి ఆయనే తీసుకున్నాడు.

తర్వాతదంతా నీకు తెలుసు. ఎముకలు సర్దేవాడు సర్దినా రెండు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. చెరకు కొట్టే కత్తి ఆ చేతిలో నిలవలేదు, కోతల కాలంలో మేస్త్రీ నిన్ను పనిలోకి తీసుకోలేదు. "లెక్క తప్పినోళ్ళకి కర్ర ఇవ్వను. సొంత కూతురైనా సరే" అని ఆయన కోడిపందేల దగ్గర అందరి ముందూ అన్నాడని విన్న వారానికి నువ్వు ఓడెక్కేశావు. ఆ మరుసటేడు కర్ర నాకొచ్చింది. మా నాన్న పుణ్యమా అని చదువు నాకే దక్కింది, ఉద్యోగం నాకే దక్కింది, మీ ఇంట్లో ఉన్న ఒక్క వస్తువు కూడా చివరికి నాకే దక్కింది. ఒక్కోసారి ఆ రోజు నేనే లెక్క తప్పానేమో అనిపిస్తుంది. ఇద్దరం తప్పామేమో. పాతికేళ్ళ తర్వాత ఎవరు మాత్రం గట్టిగా చెప్పగలరు?

జనవరిలో మీ నాన్నగారి చివరి రోజుల్లో నేను పక్కనే ఉన్నాను. నువ్వు పంపిన పూలచక్రం అందింది. రిబ్బన్ మీద నెల్దా అని మాత్రమే ఉంది, కూతురని లేదు. అది చూసి ఊళ్ళోవాళ్ళు ఏవేవో అన్నారు. నేను మాత్రం చాలాసేపు ఆ రిబ్బన్ వైపు చూడలేకపోయాను. ఆయన బాధపడకుండానే పోయాడు. ఒక్కటే వింత. మాట పడిపోయే ముందు రెండు రోజులు, కుడిచేతి వేలితో చాప మీద తడుతూ ఉండేవాడు. టక్, టక్, టక్, ఆరుసార్లు. ఆగేవాడు. మళ్ళీ ఆరు. మీ పిన్ని, "పాపం, జపమాల లెక్కపెట్టుకుంటున్నాడు" అంది. మన జపమాలలో పూసలు పదేసి చొప్పున ఉంటాయి కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఒకసారి కళ్ళు తెరిచి "కర్రెక్కడుంది?" అని అడిగాడు. నా దగ్గరే ఉంది నోంగ్ అన్నాను. "నీ దగ్గరే ఉందా" అని కళ్ళు మూసుకుని, మళ్ళీ ఆరుసార్లు తట్టాడు.

పండుగకి నువ్వు వస్తే బాగుంటుంది. రాలేకపోయినా ఆ కాగితం మాత్రం పంపు. పేరు కోసమని అనుకోకు. ఈ విద్య ఎవరో ఒకరి చేతిలో నిలవాలి కదా. దుకాణం బాగా నడవాలనీ, నీ ఎడమ చెయ్యి చల్లగా ఉండాలనీ కోరుకుంటూ,

నీ మంచి మనసు మీద నమ్మకంతో,
చెల్లెలి వంటి
దెల్ఫా మగ్బనువా

తా.క. ఏప్రిల్ 12, గురువారం.

మూడు రోజులుగా ఈ ఉత్తరం కవరులోనే ఉంది, అంటించలేదు. మళ్ళీ చదువుకున్నాను. చించేసి కొత్తది రాద్దామనుకున్నాను. కాని పైన ఒక్క ముక్క కూడా మార్చడం లేదు. నేనెంత నేర్పుగా తప్పించుకోగలనో నువ్వు కూడా చూడాలి. "అనుకుంటాను", "అనిపిస్తుంది", "ఎవరు మాత్రం చెప్పగలరు": ఇవన్నీ నా చదువు నాకిచ్చిన కర్రలు, మనాంగ్.

ఏడో దెబ్బ నేను కొట్టలేదు. ఆరు తర్వాత ఎనిమిది కొట్టాను. పొరపాటున కాదు. పండుగకి మూడు వారాల ముందు మీ పెరటి కంచె అవతల నిలబడి విన్నాను, మీ నాన్న మీ అమ్మతో అంటున్నాడు: "చెయ్యి దెల్ఫాదే మంచిది, నేను కాదనను. కానీ కర్ర మన పిల్లకే. గుమాస్తా కూతురికి పెన్నుంది, దీనికేముంది?" ఆ మాటలో న్యాయం ఉందని అప్పుడే నాకు తెలుసు. తెలిసి కూడా మా ఇంటి వెనక అరటిబోదెల మీద మూడు వారాలు కొట్టుకున్నాను. ఆరు, ఎనిమిది. ఆరు, ఎనిమిది. వేళ్ళు విరగ్గొట్టాలని కాదు, కర్ర పడితే చాలనుకున్నాను. ఇది కూడా నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకోవడానికే రాస్తున్నానేమో. అంత గట్టిగా ఎందుకు కొట్టానో నాకు తెలియదు. బాకాలు మొదలయ్యేదాకా ఆగింది మాత్రం తెలిసే.

తీసే వీలు దొరక్క కాదు నేను వంగనిది. తీస్తే నీ కళ్ళలోకి చూస్తూ దెబ్బ లెక్క చెప్పాలి.

నువ్వు లెక్క తప్పలేదు. పాతికేళ్ళు తప్పానని నమ్మావు. నేను చెప్పానని నమ్మావు.

ఆ ఆరుసార్లు తట్టడం ఏమిటో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బాకాల గోలలో కూడా ఆయన చెవులు లెక్కపెట్టాయి. ఆ రోజే తెలుసా, చివర్లో తెలిసిందా, నేను చెప్పలేను. ఒక్కటి చెప్పగలను. ఆ పండుగ తర్వాత నాకు నేర్పిన ఇరవైనాలుగేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా కళ్ళు మూసుకుని వినలేదు. కళ్ళు తెరిచి నా చేతినే చూసేవాడు. అది గౌరవం అనుకున్నాను. తెలిసుండి నీకెందుకు చెప్పలేదని నువ్వు ఆయన్ని అడగాలి. ఆయన లేడు. ఆ ప్రశ్న కూడా నేనే నీ నుంచి లాక్కున్నాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఇవాళ పొద్దున దియోస్కొరో ఇంటికి వెళ్ళి, నా పేరు తీసేయమని ఎందుకో కూడా చెప్పాను. తింటున్న రొట్టె కింద పెట్టేశాడు. "పేర్ల వరకూ ముందే చెక్కించేశా మేడమ్" అన్నాడు. గీకేయమన్నాను. "గీకితే అక్కడ గుంట కనపడుద్ది." కనపడనీ అన్నాను. గుంటని అలాగే ఉంచాలో, అక్కడ నీ పేరు చెక్కాలో, నువ్వు చెప్పినట్టు చేస్తానన్నాడు.

కర్రని ఓడ మీద ఎవరి చేతనైనా పంపుదామనుకున్నాను. కుదరదు. పడగొట్టినవాళ్ళే ఇవ్వాలి. వచ్చే శనివారం, ఇరవై ఒకటిన, పొద్దుటి మొదటి ఓడకి వస్తున్నాను. ఉత్తరం ముందు పంపుతున్నది ఎందుకంటే, నాకు ధైర్యం చాలక ఓడ ఎక్కకపోయినా నిజం మాత్రం ఎక్కాలి.

బజారులో జనం ఉన్నప్పుడే నీ దుకాణం ముందు నిలబడతాను. క్షమించమని అడగను, కూచోమనకు, సూపు పెట్టకు. కర్ర కింద పెడతాను, వంగి తీస్తాను, పిడి నీ వైపు ఉంచుతాను. నువ్వు ఏ చేత్తో తీసుకుంటావో, అసలు తీసుకుంటావో లేదో, అది నీ ఇష్టం.

అందరికీ వినపడేలా చెబుతాను. ఎనిమిది, మనాంగ్. ఏడు కొట్టలేదు.